దీవి కనబడ్డాక కూడా దిగుతామో లేదో తెలియదు: దక్షిణ అట్లాంటిక్ ఓడ ప్రయాణం, నా అనుభవం

2025 మార్చి 27న అర్జెంటీనా దక్షిణ కొసన ఉన్న ఉషువాయాలో ఓడెక్కాను. సౌత్ జార్జియా, గాఫ్, ట్రిస్టన్ ద కున్హా దీవుల మీదుగా వెళ్లి ఏప్రిల్ మూడో వారంలో సెయింట్ హెలెనాలో దిగాను. అంటార్కిటికా సీజన్ ముగిశాక ఉత్తరానికి తిరిగి వెళ్లే ఓడల్లో కొన్ని మాత్రమే ఈ దారి పడతాయి. అందుకే తేదీలు మన చేతిలో ఉండవు, అవి ఎప్పుడు బయల్దేరితే అప్పుడే.

వెళ్లొచ్చానని తెలియగానే అందరూ ముందు ఖర్చు అడుగుతారు, తర్వాత వాంతుల గురించి. రెండూ చెబుతాను. కానీ నన్ను నిజంగా కుదిపేసింది ఇంకొకటి. డబ్బంతా కట్టి, వారాల తరబడి సముద్రం మీద వెళ్లి, దీవి కళ్లెదుట ఇళ్లతో సహా కనిపిస్తున్నా సరే, దిగగలమా లేదా అన్నది చివరి నిమిషం దాకా తెలియదు.

ముందు డబ్బు సంగతి. నలుగురు పంచుకునే కేబిన్‌లో ఒక పడకకు 9 వేల యూరోల పైచిలుకు అయింది. ఏడాది ముందే బుక్ చేసి కొంత అడ్వాన్స్ కట్టాను. మిగతాది ప్రయాణానికి మూడు నెలల ముందు కట్టాలి, ఆ తర్వాత మానుకుంటే ఒక్క యూరో కూడా వెనక్కి రాదు. భోజనం, దీవుల్లో దిగే ఫీజులు అందులోనే. ఇంటర్నెట్, బట్టలు ఉతికించుకోవడం, బార్ వేరు. డాక్టర్ సంతకంతో ఆరోగ్య ఫారం పంపాలి. అత్యవసరంగా ఆస్పత్రికి తరలించే ఖర్చు కవరయ్యే బీమా లేకపోతే ఓడ ఎక్కనివ్వరు. అది ఎంత అవసరమో బయల్దేరిన రెండో రోజే అర్థమైంది. అలల్లో మెట్లు దిగుతున్న ఒకాయన చేయి పట్టు తప్పి పడి, మణికట్టు విరగ్గొట్టుకున్నారు. ఓడ డాక్టర్ కట్టు కట్టారు. ఎక్స్‌రే తీయించుకోవాలంటే దగ్గర్లో ఏమీ లేదు. ఆయన ఆ కట్టుతోనే సెయింట్ హెలెనా దాకా వచ్చారు. ఎప్పుడూ ఒక చేయి ఓడకే కేటాయించాలని మొదటిరోజు సిబ్బంది చెబితే తలూపాం గానీ, ఆ తర్వాత ఎవరికీ మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు.

ఉషువాయా నుంచి సౌత్ జార్జియాకు నాలుగు రోజులు. నా కేబిన్ కింది అంతస్తులో, ఓడ మధ్య భాగంలో ఉంది. చవక కేబిన్లు అక్కడే ఉంటాయి, ఊపు కూడా అక్కడే తక్కువ. పై అంతస్తులో కిటికీలు, సోఫాలు ఉన్న గదులకు రెట్టింపు కట్టినవాళ్లు మాకంటే ఎక్కువ బాధపడ్డారు. వాంతుల మాత్ర కడుపులో తిప్పడం మొదలయ్యాక కాదు, ఓడ కదలకముందే వేసుకోవాలి. సముద్రం బాగా రేగిన రాత్రి సిబ్బంది వచ్చి గుండ్రటి కిటికీల మీద ఇనప మూతలు వేసి బిగించి వెళ్లారు. గదిలో చీకటి, గోడ అవతల నీళ్లు బాదుతున్న చప్పుడు. భోజనాల దగ్గర బల్ల గుడ్డల్ని తడిపి పరిచారు, ప్లేట్లు జారకుండా. ఆ తడి గుడ్డ మీద మోచేతులు ఆన్చి సూప్ తాగడానికి నాకు ఒక పూట పట్టింది.

సౌత్ జార్జియా చేరేలోపు ఒక రోజంతా శుభ్రతకే పోయింది. బూట్లు, ప్యాంట్లు, సంచులు, కెమెరా బ్యాగు, ట్రైపాడ్ కాళ్లు, ఒడ్డుకు తీసుకెళ్లే ప్రతి వస్తువూ తనిఖీ చేస్తారు. బయటి ప్రాంతాల విత్తనం ఒక్కటి కూడా దీవి మీద పడకూడదు. ఆ దీవిలో ఎలుకల్ని నిర్మూలించడానికి ఏళ్ల తరబడి హెలికాప్టర్లతో మందు చల్లి, 2018లో ఎలుకలు లేవని ప్రకటించారు. అందుకే అంత పట్టుదల. నా జాకెట్ చేతి దగ్గర వెల్క్రో పట్టీలో చిన్న గడ్డిగింజ కనబడింది. ఎండిపోయి, తోకలాంటి పీచుతో, వెల్క్రో కొక్కేల మధ్య అడ్డంగా ఇరుక్కుంది. వాక్యూమ్ క్లీనర్‌కి రాలేదు. టూత్‌పిక్‌తో ఒక్కో కొక్కెం పక్కకి నొక్కి, పట్టకారుతో లాగితే ముక్కలై వచ్చింది. పక్కన కూర్చున్న గైడ్ టార్చ్ వేసి చూసి, ఇంకో ముక్క ఉందని చూపించారు. ఆ ఒక్క పట్టీకి అరగంట. తర్వాత సౌత్ జార్జియాలోని గ్రిట్వికెన్ రేవులో ప్రభుత్వ అధికారి ఓడెక్కి మా బూట్ల అట్టలు మళ్లీ పరీక్షించారు. వెళ్లేవాళ్లకు ఒక మాట: వెల్క్రో తక్కువున్న బట్టలు తీసుకెళ్లండి.

సౌత్ జార్జియాలో ఏప్రిల్ 3 దాకా ఉన్నాం. ఒకేసారి ఒడ్డున వందమందికి మించి ఉండకూడదు, కాబట్టి వంతులవారీగా దించారు. బర్డ్ ఫ్లూ వచ్చినప్పటి నుంచి నేల మీద కూర్చోవడం, మోకరిల్లడం, సంచి కింద పెట్టడం నిషేధం. గంటలకొద్దీ నిలబడే ఉండాలి. సెయింట్ ఆండ్రూస్ బేలో కింగ్ పెంగ్విన్లు లక్షల్లో ఉంటాయని విని వెళ్లాను, కానీ ముందు తాకింది వాసన. పడవ ఒడ్డుకు చేరకముందే గొంతులో పట్టేస్తుంది, బట్టల్లోంచి రెండు ఉతుకుల దాకా పోలేదు. కానీ ఆ ఒడ్డున నిలబడ్డ రెండు గంటల్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. గోధుమరంగు నూగుతో ఉన్న పిల్లలు ఈల వేస్తూ తల్లిదండ్రుల్ని వెతుక్కుంటున్నాయి, పెద్ద పక్షులు ఆ గోలలోనే తమ పిల్ల గొంతు పోల్చుకుని తిన్నగా దాని దగ్గరికే నడిచి వెళ్తున్నాయి. మనం వాటికి అయిదు మీటర్ల దూరంలో ఉండాలి, అవే నడిచి వస్తే కదలకుండా నిలబడాలి. ఫర్ సీళ్లు మాత్రం మీదికి వస్తాయి. పరుగెత్తకూడదు, నిలబడి చేతులు వెడల్పుగా చాచాలి. వాటి పిల్లలు కూడా పళ్లు చూపిస్తూ తరుముతాయి.

గ్రిట్వికెన్‌లో నాకు మనసు బాగోలేదు. 1904లో మొదలైన తిమింగలాల వేట కేంద్రం అది. తుప్పు పట్టిన పెద్ద పెద్ద పీపాలు, కొవ్వు ఉడికించిన యంత్రాలు అలాగే ఉన్నాయి. వేట సాగిన అరవై ఏళ్లలో సౌత్ జార్జియా కేంద్రాలన్నీ కలిపి 1,75,000కు పైగా తిమింగలాల్ని కోశాయి. అంతా చూశాక, 1922లో ఇక్కడే చనిపోయిన అంటార్కిటికా అన్వేషకుడు షాకిల్టన్ సమాధి దగ్గరికి తీసుకెళ్లి తాగడానికి కాస్త మద్యం పోశారు, ఆయనకు టోస్ట్ చెప్పడం ఆనవాయితీ. చాలామంది కళ్లు తుడుచుకున్నారు. నా కళ్ల ముందు మాత్రం ఆ పీపాలే ఉన్నాయి.

అక్కడి నుంచి ట్రిస్టన్ వైపు దాదాపు 2,700 కిలోమీటర్లు. మళ్లీ సముద్రమే, మళ్లీ శుభ్రతే. సౌత్ జార్జియా మట్టి ట్రిస్టన్‌కు పోకూడదు కదా, బూట్ల సందులన్నీ కడిగి మందు నీళ్లలో ముంచాం. తూర్పుకు వెళ్తున్నాం కాబట్టి కొన్ని రాత్రులు గడియారం గంట ముందుకు జరిపేవారు, నిద్ర ఆ మేరకు తగ్గేది. ఆకుకూరల సలాడ్ ముందు మాయమైంది, తర్వాత అరటిపళ్లు. చివరికి క్యాబేజీ, క్యారెట్, యాపిల్ మిగిలాయి. ఈ రోజుల్లో విసుగొస్తుందని చాలామంది భయపడతారు. నాకు రాలేదు. వెనక డెక్ మీద నిలబడితే వాండరింగ్ ఆల్బట్రాస్‌లు అనే పెద్ద సముద్ర పక్షులు రెక్క ఆడించకుండా ఓడ వెంట వచ్చేవి. ఒక్కో పూట వాటిని చూస్తూనే గడిచిపోయేది.

ఏప్రిల్ 8న గాఫ్ దీవి. ఇక్కడ పర్యాటకుల్ని దించరు, అది ముందే తెలుసు. సముద్రం ఊరుకుంటే జోడియాక్ రబ్బరు పడవల్లో కొండ అంచుల వెంట తిప్పుతారు. ఊరుకోలేదు. ఓడ మీది నుంచే చూశాం, అదీ సగం మబ్బులో. మనుషులు తెచ్చిపడేసిన చిట్టెలుకలు ఇక్కడ ఆల్బట్రాస్ పిల్లల్ని గూట్లోనే బతికుండగా కొరికి చంపుతున్నాయి. 2021లో వాటిని పూర్తిగా నిర్మూలించాలని పెద్ద ప్రయత్నం చేశారు. అదే ఏడాది చివర్లో ఒక ఎలుక మళ్లీ కనబడింది. గైడ్ ఈ సంగతి చెబుతున్నప్పుడు ఆమె గొంతు మారిపోయింది. సౌత్ జార్జియాలో గడ్డిగింజ కోసం అరగంట కూర్చోబెట్టినందుకు విసుక్కున్నవాళ్లు కూడా ఆ రోజు ఏమీ అనలేదు.

ఏప్రిల్ 9 పొద్దున్నే ట్రిస్టన్ ద కున్హా కనబడింది. 2,062 మీటర్ల అగ్నిపర్వతం, దాని పాదాల దగ్గర చిన్న పచ్చటి పీట, ఆ పీట మీద ఊరు. రెండు వందల పైచిలుకు జనాభా. ప్రపంచంలో మనుషులు ఉండే చోట్లలో ఇంతకంటే దూరపు దీవి లేదు. సెయింట్ హెలెనా 2,400 కిలోమీటర్ల అవతల, ట్రిస్టన్‌లో విమానాశ్రయం లేదు. బైనాక్యులర్స్‌లో ఆరేసిన బట్టలు కనిపిస్తున్నాయి. అందరం లైఫ్ జాకెట్లు వేసుకుని తయారుగా ఉన్నాం. గాలి కూడా పెద్దగా లేదు.

అప్పుడు మైకులో చెప్పారు, ఇవాళ రేవు మూసేశారని.

ఇది ముందు అర్థం కాదు. సముద్రం మనకు ప్రశాంతంగానే కనిపిస్తుంది. కానీ ఎక్కడో వేల మైళ్ల అవతల తుఫాను లేపిన అలలు నిదానంగా, బలంగా వస్తూ ఉంటాయి. ఓడవాళ్లు దాన్ని స్వెల్ అంటారు. ట్రిస్టన్ రేవు చాలా చిన్నది, రెండు చిన్న గోడల మధ్య ఇరుకు దారి. స్వెల్ ఆ దారిలోకి దూరితే పడవను ఎత్తి గోడకు కొడుతుంది. అక్కడివాళ్లకే ఏడాదిలో చాలా రోజులు పడవలు దించడం కుదరదు. రేవు తెరవాలా వద్దా అన్న నిర్ణయం దీవి వాళ్లదే, పడవలు దించాలా వద్దా అన్నది కెప్టెన్‌ది. ఎంత డబ్బు కట్టారన్నది ఆ లెక్కలోకి రాదు, రాకూడదు కూడా. ఒప్పందంలో ఇదంతా రాసే ఉంటుంది, దిగలేకపోతే డబ్బు వాపసు లేదని కూడా.

మా ఓడలో డెబ్భై ఎనిమిదేళ్ల జర్మన్ ఆవిడ ఉన్నారు. ఆమెకు ఇది రెండోసారి. ఏళ్ల కిందట భర్తతో వచ్చి, ఇలాగే ఓడ మీది నుంచి ఊరిని చూసి వెనక్కి వెళ్లిపోయారట. ఆయన ఇప్పుడు లేరు. మైకులో ఆ మాట విన్నాక ఆమె లైఫ్ జాకెట్ విప్పలేదు. మధ్యాహ్న భోజనానికి కూడా అది వేసుకునే వచ్చారు. ఎవరూ ఏమీ అడగలేదు.

పదో తేదీ కూడా అంతే. దీవికి గాలి తగలని పక్కకు ఓడను తిప్పి, తర్వాత దగ్గర్లోని నైటింగేల్ దీవి చుట్టూ జోడియాక్‌లలో తిప్పారు. అది నిజంగా బాగుంది, పసుపు ముక్కు ఆల్బట్రాస్‌లను అంత దగ్గరగా ఇంకెక్కడా చూడలేదు. 2011 మార్చిలో ఒక సరుకుల ఓడ ఇక్కడే రాళ్లకు గుద్దుకుని విరిగి, చమురు కారి, రాక్‌హాపర్ పెంగ్విన్లు వేలల్లో తడిసిపోయాయి. ట్రిస్టన్ జనం వాటిని పడవల్లో ఊరికి తెచ్చి కడిగారు.  కానీ నా మనసంతా ఊరి మీదే. రాత్రి కడుపులో టెన్షన్, నిద్ర లేదు. వాతావరణ పటాలు అంటించిన బోర్డు దగ్గర అర్ధరాత్రి కూడా నలుగురైదుగురు నిలబడి ఉండేవారు.

పదకొండో తేదీ ఏడున్నరకు మైకు మోగింది. రేవు తెరిచారు, మధ్యాహ్నం దాకానే. అల్పాహారం ఎవరూ ముగించలేదు. పడవలోకి దిగేటప్పుడు సిబ్బంది అరచేయి కాదు, మణికట్టు పట్టుకుంటారు, మనమూ వాళ్ల మణికట్టు పట్టుకోవాలి. తడి చేతులు అలా అయితేనే జారవు. రేవు నోటి దగ్గర మా పడవ కాసేపు ఆగింది. నడిపే అతను వెనక్కి తిరిగి అలల్ని చూస్తూ లెక్కపెట్టుకుంటున్నాడు. ఒక పెద్దది దాటగానే ఒక్కసారిగా వేగం పెంచి లోపలికి దూర్చేశాడు. జర్మన్ ఆవిడ నా ముందున్నారు. గోడ మీది నుంచి ఇద్దరు దీవి మనుషులు ఆమె రెండు చేతులూ పట్టి పైకి లాగారు. కాంక్రీటు మీద నిలబడ్డాక ఆమె ఆ ఇద్దరి చేతులూ వదల్లేదు, చాలాసేపు. వాళ్లు కూడా తొందరపెట్టలేదు. వెనక నేను పడవలోనే నిలబడి ఉన్నాను, నా కళ్లు మసకబారాయి.

ఊళ్లో నాలుగు గంటలు. పోస్టాఫీసులో క్యూ పొడుగ్గా ఉంది, స్టాంపులు ఆ దీవికి ముఖ్యమైన ఆదాయాల్లో ఒకటి. ఇంకోటి రాక్ లాబ్‌స్టర్ (పెద్ద రొయ్యలాంటి జీవి) వేట. మేము వెళ్లినప్పుడు నగదే నడిచింది, బ్రిటిష్ పౌండ్లు. చిన్న నోట్లు తీసుకెళ్లడం మంచిది, చిల్లరకు అక్కడ ఇబ్బందే. 1961లో ఊరి పక్కనే అగ్నిపర్వతం పగిలితే జనమంతా ఇంగ్లండ్‌కు తరలిపోయారు, రెండేళ్లకు ఎక్కువమంది తిరిగి వచ్చేశారు. ఆ నల్లటి లావా గుట్ట ఇప్పటికీ ఇళ్లను ఆనుకుని ఉంది. చేత్తో అల్లిన ఉన్ని మేజోళ్లు అమ్ముతున్న పెద్దావిడను ఆ రోజుల గురించి అడిగాను. అప్పుడు ఆమె చిన్నపిల్ల. ఇంగ్లండ్‌లో అన్నీ ఉన్నాయి కానీ చలికాలం అందరికీ దగ్గులు, జ్వరాలు వచ్చాయని, పెద్దవాళ్లు రోజూ బంగాళాదుంప మళ్ల గురించే మాట్లాడుకునేవారని చెప్పారు. ఆ మళ్లు ఊరికి అయిదు కిలోమీటర్ల దూరంలో, రాతి గోడల మధ్య ఇప్పటికీ కుటుంబానికి ఇన్నని ఉన్నాయి. వ్యాన్‌లో వెళ్లి చూసి వచ్చేసరికి రేవు దగ్గర ఈల మోగింది. పన్నెండున్నరకు చివరి పడవ. ఒంటిగంటకు స్వెల్ మళ్లీ లేచింది.

బుక్ చేసేముందు ట్రిస్టన్‌కు ఎన్ని రోజులు కేటాయించారో తప్పకుండా చూడండి. మా కార్యక్రమంలో నాలుగు రోజులు పెట్టారు, అందులో ఊళ్లోకి దక్కింది ఒక్క పూట. రెండే రోజులు పెట్టిన ఓడలు ధర తక్కువ చూపిస్తాయి. నేనైతే అలాంటిది ఎక్కను.

అక్కడి నుంచి ఉత్తరానికి వెళ్తుంటే రోజురోజుకూ ఉక్క. స్వెటర్లు పోయి, టీషర్టులు వచ్చాయి. పదహారో తేదీన సెయింట్ హెలెనా రాజధాని జేమ్స్‌టౌన్ ముందు లంగరు వేశారు. ఇక్కడ కూడా రేవు మెట్ల దగ్గర అల లేచి దిగుతుంటుంది. పైనుంచి వేలాడే తాళ్లు ఉంటాయి, పడవ పైకి లేచినప్పుడు తాడు పట్టుకుని మెట్టు మీద అడుగేయాలి. మూడు వారాలు దాచి ఉంచిన పాస్‌పోర్టు ఓడవాళ్లు తిరిగి ఇచ్చారు, దీవుల ముద్రలతో. బీమా కాగితం ఇమిగ్రేషన్‌లో అడిగారు. నేల మీద నడుస్తుంటే మూడు రోజుల దాకా ఒళ్లు ఊగుతూనే ఉంది. ముఖ్యంగా తల స్నానం చేసేటప్పుడు కళ్లు మూసుకుంటే గోడ పట్టుకోవాల్సి వచ్చేది.

అప్పుడు విమానం జొహానెస్‌బర్గ్‌కు, శనివారాలే ఉండేది. ఓడ ఆలస్యమైతే పోతుందని పంతొమ్మిదిన కాకుండా 26కు తీసుకున్నాను. అది మంచిదే అయింది గానీ, ఏప్రిల్ 18 గుడ్ ఫ్రైడే. సోమవారం దాకా కొట్లు, బ్యాంకు దాదాపు అన్నీ మూత. చేతిలో మిగిలిన పౌండ్లతో జాగ్రత్తగా గడిపాను. గెస్ట్‌హౌస్ ఆవిడ వంటింట్లోంచి రొట్టె, గుడ్లు ఇచ్చి, బ్యాంకు తెరిచాక లెక్క చూసుకుందాం అన్నారు. ఆ ఖాళీ రోజుల్లోనే 699 మెట్ల జేకబ్స్ ల్యాడర్ ఎక్కాను, ఆగి ఆగి. నెపోలియన్ చివరి రోజులు గడిపిన లాంగ్‌వుడ్ ఇల్లు కూడా చూశాను. నాకు ఎక్కువ గుర్తుండిపోయింది గవర్నర్ బంగళా తోటలోని జోనథన్ అనే తాబేలు. 1832 ప్రాంతంలో పుట్టిందని అంచనా. కళ్లు కనిపించవు, వాసన తెలియదు. అయినా మెడ చాచి ఎండ వైపు తిప్పుకుని నిదానంగా గడ్డి కొరుకుతోంది.

26న మబ్బుల వల్ల విమానం దిగలేకపోయింది. మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. అదనపు రాత్రి గది ఖర్చుకు రసీదు పంపితే బీమా వాళ్లు ఆరు వారాల్లో ఇచ్చారు. ట్రిస్టన్‌లో దిగలేకపోయిన రోజులకు ఏమీ రాలేదు, పాలసీలో అలాగే రాసి ఉంది.